నష్టమేమీ లేదట

శ్రావణమాసం. ఎదురింటి కొత్తకోడలు మంగళగౌరి నోముకి పిలిచి వాయనమిచ్చిన శనగల్ని మర్నాడు పొద్దున తాలింపు వేస్తున్నాను. 2025 జూలై 30, బుధవారం. హాల్లోంచి మా వారు కేకేశారు.

"ఇదుగో, రష్యాలో ఎక్కడో పెద్ద భూకంపం వచ్చిందట. 8.8 ట. పసిఫిక్ తీరమంతా సునామీ రావచ్చని చెప్తున్నారు."

"రష్యా" అన్నప్పుడు నాకేమీ కాలేదు. "పసిఫిక్" అనగానే మాత్రం చేతిలో గరిట ఆగిపోయింది. మా అబ్బాయి కాపురం కాలిఫోర్నియాలో కదా! స్టవ్ కట్టేసి, తడిచేతులు చీర చెంగుకి తుడుచుకుంటూ ఫోన్ తీశాను. వాడు నిదానంగా, "సముద్రానికీ మాకూ చాలా దూరం అమ్మా. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వు కంగారుపడకు" అన్నాడు. మనవరాలి గొంతు కూడా విన్నాక గాని నాకు స్థిమితం చిక్కలేదు.

ఈలోగా టీవీలో ఎవరో చెప్పారు, ఆ కాంచట్కా అనేది బాగా మారుమూల ప్రాంతం, జనం పల్చన, కాబట్టి పెద్ద నష్టమేమీ జరగలేదు అని. హమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ స్టవ్ వెలిగించి తాలింపు పూర్తిచేశాను. ఇంగువ వెయ్యటం కూడా మర్చిపోలేదు.

అంతటితో అయిపోయేదే. మీ ఇంట్లోనూ అలాగే అయిపోయి ఉంటుంది. కానీ కాసేపటికి టీవీలో ఒక బొమ్మ చూపించారు. అక్కడి ఊళ్ళో ఒక ఆస్పత్రి. ఆపరేషన్ గది. బల్లమీద రోగి. గది గదంతా ఊగుతోంది. డాక్టర్లు పారిపోలేదు. పైనున్న దీపాలు ఊగుతుంటే రోగి మీద చేతులు వేసి, బల్ల జారిపోకుండా పట్టుకుని అలాగే నిలబడ్డారు. భూమి నెమ్మదించాక పని కొనసాగించారట.

నేను శనగలు గిన్నెలోకి తీస్తూ ఆగిపోయాను. జనం లేని చోటు అన్నారు కదా, మరి ఈ బల్లమీద ఉన్నదెవరు?

కాంచట్కా విస్తీర్ణం మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపిన దానికంటే ఎక్కువ. మనుషులు మాత్రం మూడు లక్షలకు లోపే. మిగిలినదంతా మంచు, అగ్నిపర్వతాలు, ఎలుగుబంట్లు. పసిఫిక్ అడుగునున్న రాతిపలక ఆ నేలకిందికి ఏటా కాస్త కాస్త చొరబడుతూ ఉంటుంది. చొరబడ్డప్పుడల్లా కదిలిపోతే ఏ గొడవా లేకపోను. కానీ అది బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయిన ఆవకాయ జాడీ మూతని మనం ఎంత తిప్పినా రాదు చూడండి, రాదు, రాదు, ఉన్నట్టుండి ఒక్కసారి ఊడి చెయ్యి గోడకి కొట్టుకుంటుంది. అదే సంగతి. ఏళ్ళ తరబడి బిగుసుకున్నది ఒక్క క్షణంలో ఊడింది. యంత్రాలతో కొలవటం మొదలెట్టాక నమోదైన అతి పెద్ద భూకంపాల్లో అదొకటి.

మా వారితో నా సందేహం చెప్పాను. ఆయన నవ్వారు. "ఊళ్ళోవాళ్ళందరి కోసం నువ్వు ఏడుస్తూ కూర్చుంటే శనగలు మాడిపోతాయి" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. అయినా నాకు తృప్తిగా లేదు.

ఈ సందేహం నా ఒక్కదానికే వచ్చింది కాదు. 1759 లో ఆడమ్ స్మిత్ ఒక పుస్తకం రాశాడు. మనవాళ్ళకి ఆయన అర్థశాస్త్రం పాఠాల్లోనే తెలుసుగాని, అంతకుముందే మనిషి మనసు గురించీ నీతి గురించీ రాసినవాడు. అందులో ఒక చోట అంటాడు: చైనా దేశం యావత్తూ భూకంపంలో మునిగిపోయిందని యూరప్‌లో ఒక మంచి మనిషికి తెలిసిందనుకోండి. అయ్యో అంటాడు. జీవితం ఎంత అశాశ్వతమో నాలుగు మాటలు మాట్లాడతాడు. దీనివల్ల వ్యాపారాలు ఏమవుతాయో ఊహిస్తాడు. తర్వాత భోంచేసి హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతాడు. అదే, రేపు తన చిటికెనవేలు తీసేస్తారని తెలిస్తే మాత్రం రాత్రంతా కంటిమీద కునుకు పట్టదు!

చదివినప్పుడు నాకు సిగ్గేసింది. రెండున్నర శతాబ్దాల కిందట ఎవరో దొర మా వంటింట్లోకి తొంగిచూసినట్టే ఉంది. నా చిటికెనవేలు కాలిఫోర్నియాలో ఉంది, అంతే తేడా.

కానీ ఆయన అక్కడితో ఆగలేదు. సరే, ఆ వేలు కాపాడుకోవటానికి ఆ కోట్లమందిని బలివ్వమంటే ఇస్తావా అని అడుగుతాడు. ఇవ్వడు. ఎంత స్వార్థపరుడైనా ఆ ఆలోచనకే ఉలిక్కిపడతాడు. మరి అతన్ని ఆపేదేమిటి? జాలి కాదట. జాలికి అంత బలం లేదట. లోపల కూర్చుని తీర్పు చెప్పేది ఇంకొకటుంది, "నువ్వూ వేలమందిలో ఒకడివేనోయ్" అని గుర్తుచేసేది. దాన్ని మనం అంతరాత్మ అంటాం. నాకు ఈ రెండో సగమే నచ్చింది. దూరపు మనుషుల కోసం కళ్ళనీళ్ళు రాకపోవటం నేరం కాదు. కన్నీళ్ళకి బస్సు సౌకర్యం లేదు, నాలుగిళ్ళు దాటి వెళ్ళలేవు. కానీ లెక్క వేరు, ఏడుపు వేరు. ఏడవకపోయినా లెక్కలోంచి కొట్టెయ్యకుండా ఉండొచ్చు కదా.

రూసో ఇంకా ఘాటైనవాడు. 1755 లో లిస్బన్ నగరం భూకంపంలో కూలిపోతే యూరప్‌లో పండితులంతా దేవుడి న్యాయం గురించి వాదులాడుకున్నారు. వోల్టేర్ పెద్ద పద్యమే రాశాడు. దానికి జవాబుగా 1756 లో రూసో ఒక ఉత్తరం రాశాడు. అక్కడ ఆరేడంతస్తుల ఇళ్ళు వేలకొద్దీ కట్టమని ప్రకృతి చెప్పలేదుగా అన్నాడు. అది అందరికీ తెలిసిన మాట. అందులోనే ఇంకో మాట ఉంది. ఎడారుల్లోనూ భూకంపాలు వస్తూనే ఉంటాయి, కాని పట్నం పెద్దమనుషులకి వాటివల్ల ఏ ఇబ్బందీ లేదు కనక మనం వాటి ఊసెత్తం అన్నాడు. మనం లెక్కపెట్టేది ఆ పెద్దమనుషుల్నే అని ఎత్తిపొడిచాడన్నమాట.

మా అత్తగారుంటే ఇంత చర్చ లేకుండా ఒక్క మాటలో తేల్చేసేవారు. "పాపం పెరిగిపోయిందే అమ్మాయ్, భూదేవి మొయ్యలేక పోతోంది." ఆవిడనేం తప్పుపడతాం? 1934 జనవరిలో బీహారు భూకంపం వచ్చినప్పుడు గాంధీగారంతటి వారు, అంటరానితనమనే పాపానికి ఇది శిక్ష అన్నారు. రవీంద్రనాథ్ టాగూర్‌కి ఆ మాట బొత్తిగా మింగుడుపడలేదు. అలా అనటం తగదని కాదన్నారు. గాంధీగారు ఆ విమర్శని తన పత్రికలోనే అచ్చువేసి జవాబు చెప్పారు, అది వారి పెద్దమనసు. నాకొచ్చే అనుమానం మాత్రం ఇది: ఎలుగుబంట్లు తిరిగే చోట భూమి కంపిస్తే ఆ పాపం ఎవరిది? ఎలుగుబంటిదా?

సరే, అసలు సంగతికి వస్తాను. "మనుషులు లేని చోటు" అనే మాటలో ఎంత అబద్ధం దాగుంటుందో మన దేశంలోనే చూశాం.

1950 ఆగస్టు 15. గణతంత్రమయ్యాక వచ్చిన మొదటి స్వాతంత్ర్య దినం. పగలంతా జెండాలూ, మిఠాయిలూ అయిపోయాయి. రాత్రి ఎనిమిది కావస్తుండగా అస్సాం కొసన, టిబెట్ సరిహద్దు దగ్గర రీమా అనే చోట భూమి కదిలింది. 8.6. సముద్రం కింద కాక నేలమీద వచ్చిన భూకంపాల్లో అంత పెద్దది మరొకటి నమోదు కాలేదు. హిమాలయాల తూర్పు కొస అది. కొండలు, లోయలు, అడవి, ఎక్కడో నాలుగైదు గుడిసెలు. పెద్ద పట్నం దరిదాపుల్లో లేదు.

కానీ అక్కడ ఒక గుడారం ఉంది. అందులో ఒక భార్యా భర్తా ఉన్నారు. ఆయన ఫ్రాంక్ కింగ్డన్-వార్డ్, మొక్కల కోసం కొండలన్నీ గాలించే ఇంగ్లీషాయన, అప్పటికి అరవై దాటాయి. ఆవిడ జీన్, బొంబాయి హైకోర్టు జడ్జిగారి అమ్మాయి, ఇంకా ముప్ఫై కూడా నిండలేదు. అంతకుముందు 1946 లో మణిపూర్ కొండమీద ఆయనకు కనిపించిన లేతగులాబి రంగు లిల్లీకి ఆవిడ పుట్టింటి పేరే పెట్టాడు. ఇవాళ అది మణిపూర్ రాష్ట్ర పుష్పం. (నగలు చేయించే భర్తల్ని చూశాం గాని, శాస్త్ర గ్రంథాల్లో శాశ్వతంగా ఉండిపోయే పువ్వుకి పేరుపెట్టిన భర్తని నేను వినలేదు. ఈ మాట మా వారికి వినిపించేలాగానే అన్నాను.)

ఆ రాత్రి వాళ్ళు గుడారంలోంచి బైటపడి, నిలబడలేక నేలమీద పడిపోయారు. చుట్టూ కొండల అంచులు కదులుతున్నాయి. కొండచరియలు విరిగి లోయల్లోకి పడుతున్న హోరు. అది ఆగాక ఆకాశంలో ఎక్కడో ఫిరంగులు పేల్చినట్టు వరసగా అయిదారు చప్పుళ్ళు. ఆ చప్పుళ్ళు అస్సాం మైదానంలోనూ, టిబెట్‌లోనూ ఎంతోమంది విన్నారు. లాసాలో జనం ఇదేదో కీడుకి సూచన అనుకున్నారు. ఆ అక్టోబరులోనే చైనా సైన్యం టిబెట్‌లోకి వచ్చింది, మరి అనుకోరూ? జీన్ ఆ అనుభవాన్నీ, అక్కణ్ణించి బైటపడిన వైనాన్నీ 1952 లో పుస్తకంగా రాసింది.

ఆ ఇద్దరూ రాయగలిగినవాళ్ళు కనక మనకి తెలిసింది. చుట్టూ ఉన్న కొండజాతులవాళ్ళు రాయలేదు. ఆనాడు అబోర్ కొండలనేవారు, అక్కడ దాదాపు 70 ఊళ్ళు నాశనమయ్యాయి. ఎక్కువ భాగం కొండచరియల కిందే. టిబెట్ వైపు ఒక ఊరు ఊరంతా జారి నదిలో పడి కొట్టుకుపోయింది. డెబ్బై ఊళ్ళు! ఊరికి పది ఇళ్ళు వేసుకోండి, ఏడు ఇళ్ళు వేసుకోండి. "జనం పల్చన" అనే మాట కింద ఇన్ని పొయ్యిలు ఆరిపోయాయి.

పల్చని ఊళ్ళో మనిషి విలువ గురించి ఎప్పుడైనా ఆలోచించారా? పట్నంలో ఒక మంత్రసాని పోతే ఇంకో వీధిలో ఇంకొకరుంటారు. పది గడపల ఊళ్ళో పోతే ఆ ఊళ్ళో పురుళ్ళు పోసే చెయ్యే పోయినట్టు. పాట తెలిసిన ముసలమ్మ పోతే పాటే పోయింది. లక్షమందిలో నలుగురు పోతే వార్త. ఇరవైమందిలో నలుగురు పోతే, వార్త చెప్పటానికి ఎవరున్నారు?

పైగా కథ అక్కడితో అవలేదు. విరిగిపడిన కొండలు నదులకి అడ్డుకట్టలయ్యాయి. సుబన్‌సిరి నది అలా ఆగిపోయింది. కింది ఊళ్ళవాళ్ళు నీళ్ళు తగ్గాయని చూసే ఉంటారు. ఎనిమిది రోజుల తర్వాత ఆ కట్ట తెగింది. ఏడు మీటర్ల ఎత్తున నీళ్ళు వచ్చిపడ్డాయి. 532 మంది పోయారు. భూకంపంలో కాదు, ఎనిమిది రోజుల తర్వాత, అంతా అయిపోయిందనుకున్నాక! మొత్తం మీద అస్సాం వైపు పోయినవాళ్ళు దాదాపు 1500.

అదీ చివర కాదు. కొండల్లోంచి జారిన మట్టీ రాళ్ళూ ఏళ్ళ తరబడి కిందికి వస్తూనే ఉన్నాయి. దిబ్రూగఢ్ దగ్గర బ్రహ్మపుత్ర అడుగు రెండు మూడు మీటర్లు పైకి లేచింది. అడుగు లేస్తే నది ఎక్కడికి పోతుంది? ఒడ్డుమీదికి వస్తుంది. దిబ్రూగఢ్‌లో వీధులు వీధులే నదిలో కలిశాయి. సదియా అనే పాత పట్నాన్ని నది పూర్తిగా తినేసింది. ఎక్కడో ఎవరూ లేని కొండలమీద జరిగినదానికి, బాగా జనమున్న చోట, కొన్నేళ్ళ తర్వాత, గోడలు కూలాయి. మనకూ ఇలాంటిది తెలుసు. 2004 డిసెంబరులో సుమత్రా దగ్గర సముద్రం అడుగున కదిలితే, పౌర్ణమి స్నానాలకని మంగినపూడి వెళ్ళినవాళ్ళని అల లాక్కుపోయింది.

కాంచట్కా దగ్గరికి మళ్ళీ రావాలి. ఎందుకంటే అక్కడ ఇది మొదటిసారి కాదు. 1952 నవంబరులో, ఇంతకంటే పెద్దది, 9.0 వచ్చింది. దగ్గర్లో ఒక దీవిలో సేవెరో-కురిల్స్క్ అని చేపలవాళ్ళ ఊరు. తెల్లారకముందు భూమి కంపించింది. సముద్రం పొంగింది. జనం గుట్టలమీదికి పరుగెత్తారు. మొదటి అల వెనక్కి పోయింది. ఇంట్లో ఉన్నదేదో తెచ్చుకుందామని, దుప్పట్లో, డబ్బో, చాలామంది కిందికి దిగారు. రెండో అల మొదటిదానికంటే పెద్దది. రెండువేలమందికి పైగా పోయారు.

ఆ సంగతి సోవియట్ ప్రభుత్వం దాచిపెట్టింది. పత్రికల్లో రానివ్వలేదు. దశాబ్దాల పాటు ప్రపంచానికి తెలియలేదు. అంటే, అధికారికంగా, నష్టమేమీ లేదు! తర్వాత ఆ ఊరిని ఎత్తుమీద కట్టుకున్నారు. సునామీ వస్తుందని ముందే హెచ్చరించే ఏర్పాటు చేసుకున్నారు. 2025 లో రేవు మునిగింది గాని, మనుషులు ముందే గుట్టెక్కేశారు. ఎవరూ పోలేదు. నేను హమ్మయ్య అనుకున్న మాటకి వెల కట్టింది మారుమూలతనం కాదు. ఎవరి లెక్కలోనూ లేకుండా పోయిన ఆ రెండువేలమంది.

ఇదంతా నేను ఎందుకింత సాగదీస్తున్నానో చెప్పటానికి కొంచెం మొహమాటంగా ఉంది. చెప్పేస్తాను.

మా చిన్నప్పుడు మా ఇంట్లో మా మేనత్త ఉండేది. పదిహేడో ఏట పుట్టింటికి తిరిగొచ్చేసిన మనిషి. పెరట్లో చిన్న గది, గుమ్మం పక్కన సన్నజాజి పందిరి, ఒక ట్రంకుపెట్టె, కుంపటి. ఇంట్లో పదిహేనుమంది సందడి అంతా ముందు వసారాలోనే. ఆ పెరటివైపు మాత్రం, ఇప్పుడు టీవీవాళ్ళు చెప్పిన భాషలో, జనం పల్చన.

1968 లో తాతగారు పోయాక నాన్నా, బాబాయిలూ పంపకాలు చేసుకున్నారు. పెద్దమనుషులొచ్చారు, కాగితాలు రాశారు. ఎక్కడా మాట తూలలేదు. ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు, అన్నదమ్ములంటే వాళ్ళు అని. అత్తయ్య ముగ్గురిళ్ళలో నాలుగేసి నెలలు ఉండేట్టు ఏర్పాటు. అందరికీ సమానంగా భారం. "అందరికీ సర్దుబాటైంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు" అన్నారు నాన్న, భోజనాల దగ్గర. నాన్న చెడ్డవారు కారు. నిజంగానే అలా అనుకున్నారు.

అత్తయ్య ఏమీ అనలేదు. ట్రంకుపెట్టె సర్దుకుంది. కుంపటి తీసుకెళ్ళనా వదినా అని అమ్మని అడిగింది. అక్కడ ఉంటుందిగా, ఎందుకూ అంది అమ్మ. సరేలే అంది. నేను అక్కడే ఉన్నాను. నాకు పధ్నాలుగేళ్ళు. నాకు దిగులు వెయ్యలేదు సరికదా, లోపల్లోపల సంతోషంగా కూడా ఉంది. ఆ గది నాకు చదువుకోవటానికిచ్చారు.

ఎవరూ అత్తయ్యని కొట్టలేదు, తిట్టలేదు. చివరిదాకా మూడిళ్ళల్లోనూ అన్నం పెట్టారు. మా అమ్మ ఆవిడకి జ్వరమొస్తే పక్కనే కూర్చుంది కూడా. ఒక్కటే. ఆవిడ ఇరవై ఏళ్ళు నీళ్ళుపోసిన పందిరినీ, తలుపు గడియ తను వేసుకునే గదినీ ఒక్కరోజులో తీసేస్తే, అది పోయినట్టు లెక్కలో రాయటానికి ఎవరికీ తోచలేదు. ఏడవమని కాదు. "నీకు బాధగా ఉందా అక్కయ్యా" అని ఆ ముగ్గురిలో ఒక్కరు అడిగి ఉంటే ఆవిడేమనేదో. బహుశా సరేలే అనే అనేది.

ఆ కొండల మట్టి లాగే ఈ సంగతి కూడా చాలా నెమ్మదిగా కిందికి దిగింది. నాకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, వాళ్ళు రెక్కలొచ్చి ఎగిరిపోయాక, "అమ్మా, ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు చెల్లి దగ్గర ఉంటే పోతుంది కదా, ఏముంది" అని మావాడు ఫోన్‌లో ప్రేమగా అన్నరోజున గాని నా దాకా రాలేదు. ఆ రోజు నాకు కుంపటి గుర్తొచ్చింది. వాడికేం చెప్పను? చూద్దాంలే అన్నాను.

ఆ గదిలోనే కూర్చుని నేను ఎస్సెల్సీ చదివాను. మంచి మార్కులొచ్చాయి. నాన్న వీధిలో అందరికీ పటికబెల్లం పంచారు. అత్తయ్య అప్పుడు బాపట్లలో బాబాయిగారింట్లో ఉంది. కార్డు రాసింది. పాసయ్యావట, చాలా సంతోషం అని మూడు వాక్యాలు. చివర, కార్డు అంచున చోటు చాలక నిలువుగా ఇంకో వాక్యం, సన్నజాజికి నీళ్ళు పోస్తున్నారా అని.

జవాబు రాసిన గుర్తు లేదు నాకు.